మట్‌లో జీజిప్ ఫైళ్లు, తెలుగు టెక్స్ట్ అటాచ్‌మెంట్లు నేరుగా కనిపించాలంటే ఏం చేయాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ: లినక్స్ టెర్మినల్లో మట్ అనే మెయిల్ ప్రోగ్రాం వాడుతున్నారు. మీ సర్వరు రోజూ రాత్రి జీజిప్‌తో కుదించిన లాగ్ ఫైలు (దాని పనుల చిట్టా) ఒకటి మెయిల్లో పంపుతుంది. ఆఫీసువాళ్లు తెలుగు టెక్స్ట్ ఫైళ్లు అటాచ్ చేసి పంపుతారు. లాగ్ ఫైలు అసలు తెరుచుకోదు, తెలుగు ఫైలేమో పిచ్చి గుర్తులుగా తెరుచుకుంటుంది. ఒక్కోదాన్నీ సేవ్ చేసి, విప్పి, ఎడిటర్లో చూసుకోవడంతో విసుగొచ్చింది. మెయిల్ చదివే చోటే ఇవి కూడా కనిపించేలా చేయొచ్చా అని అడిగారు.

చేయొచ్చండీ. మెయిల్‌క్యాప్ ఫైల్లో రెండు లైన్లు, మట్‌ఆర్‌సీ అనే మట్ సెట్టింగుల ఫైల్లో రెండు లైన్లు రాస్తే చాలావరకు తీరిపోతుంది. కాకపోతే మీరు ఒకే సమస్య అనుకుంటున్నవి నిజానికి రెండు. విప్పడం ఒకటి, అక్షరాలను గుర్తుపట్టడం ఇంకొకటి. వీటిని కలిపి చూస్తే ఒకటి సరిచేసేసరికి రెండోది అడ్డొస్తుంది. నేను పదిహేనేళ్లకు పైగా మెయిల్ సర్వర్లు చూసుకుంటున్నాను. మొదట్లో ఈ రెండింటినీ కలిపేసి ఒక వారం పోగొట్టుకున్నవాణ్ని.

(కమాండ్ల పేర్లు ఇక్కడ తెలుగు లిపిలో రాస్తున్నాను. ఫైల్లో మాత్రం ఇంగ్లీషులోనే కొట్టాలి.)

ముందు అసలు సంగతి. మెయిల్ ప్రోగ్రాం అటాచ్‌మెంట్ లోపలికి తొంగి చూడదు, దాని మీద అంటించిన చీటీని నమ్ముతుంది. ఆ చీటీ పద్ధతి పేరు మైమ్. 1992లో నథానియెల్ బోరెన్‌స్టీన్, నెడ్ ఫ్రీడ్ రాసిన ప్రమాణం అది. అందులో ప్రతి అటాచ్‌మెంట్‌కీ "ఇది ఫలానా రకం" అని ఒక హెడర్ ఉంటుంది. టెక్స్ట్ అయితే దాని పక్కనే "ఫలానా క్యారెక్టర్ సెట్" అని కూడా రాయాలి. ఏ బైట్లు ఏ అక్షరమో చెప్పే పట్టిక అది; చార్‌సెట్ అన్నా, ఎన్‌కోడింగ్ అన్నా ఇక్కడ అదే. రాయకపోతే? ప్రమాణం ప్రకారం అది ఉత్త ఆస్కీ, అంటే ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు మాత్రమే ఉన్న టెక్స్ట్ అని అర్థం. తెలుగు ఫైలుకి చీటీ లేకపోతే మెయిల్ ప్రోగ్రాం దాన్ని తెలుగు అనుకునే అవకాశమే లేదు.

మీ తెలుగు ఫైళ్ల సంగతి ఇదే అయ్యుంటుంది. మట్‌ఆర్‌సీలో ఎష్యూమ్డ్_చార్‌సెట్ అనే సెట్టింగుకి యూటీఎఫ్-8 అని విలువ ఇవ్వండి. తెలుగుతో సహా అన్ని భాషలకీ పనికొచ్చే ఎన్‌కోడింగ్ అది. చీటీ లేని టెక్స్టును ఏమనుకోవాలో ఆ సెట్టింగు చెబుతుంది. ఇంగ్లీషు మెయిళ్లు పాడవుతాయేమో అన్న భయం వద్దు. యూటీఎఫ్-8లో మొదటి 128 గుర్తులూ ఆస్కీవే, కాబట్టి ఉత్త ఇంగ్లీషు ఎలా ఉన్నది అలాగే వస్తుంది.

చీటీ లేకపోవడం కన్నా తప్పు చీటీ ఉండడం పెద్ద తలనొప్పి. కొన్ని పాత ప్రోగ్రాములు ఏ టెక్స్ట్ ఫైలునైనా ఐఎస్ఓ-8859-1 (దీన్నే లాటిన్-1 అంటారు, పశ్చిమ యూరప్ భాషలది) అని ముద్ర కొట్టి పంపేస్తాయి. అలాంటప్పుడు చార్‌సెట్-హుక్ అనే కమాండుతో "ఆ పేరు కనిపిస్తే ఇలా అనుకో" అని మట్‌కి చెప్పొచ్చు. నేనైతే అందరికీ కలిపి అలా చెప్పను. ఆ ముద్ర నిజంగా సరైన ఫ్రెంచి, జర్మన్ మెయిళ్లు మీకు వస్తుంటే అవి పాడవుతాయి. ఎప్పుడో ఒకసారి వచ్చే ఫైలుకి, మెయిల్లో వీ నొక్కి అటాచ్‌మెంట్ల జాబితాకి వెళ్లి, దాని మీద కంట్రోల్-ఈ నొక్కండి. చీటీని అప్పటికప్పుడు చేత్తో దిద్దొచ్చు. చార్‌సెట్ యూటీఎఫ్-8 అని మార్చి మళ్లీ తెరిస్తే చాలు.

ఇప్పుడు జీజిప్ సంగతి. మట్‌కి విప్పడం రాదు. ఏ రకానికి ఏ ప్రోగ్రామును పిలవాలో మెయిల్‌క్యాప్ అనే ఫైలు చూసి తెలుసుకుంటుంది. 1993 నుంచీ ఉన్న పద్ధతే ఇది, చాలా ప్రోగ్రాములు ఇదే ఫైలు వాడతాయి. అందులో మీరు రాయాల్సిన లైనులో మూడు ముక్కలుంటాయి, మధ్యలో సెమీకోలన్లు. మొదటి ముక్క రకం పేరు, అంటే అప్లికేషన్ స్లాష్ జీజిప్. రెండోది కమాండు, అంటే జీజిప్‌కి డీ, సీ అనే రెండు ఆప్షన్లు ఇవ్వడం: విప్పు, విప్పినదాన్ని స్క్రీన్ మీదికి వదులు అని. మూడోది కోపియస్‌అవుట్‌పుట్ అనే మాట. ఇది మర్చిపోతే మిగతాదంతా దండగ. "ఈ కమాండు బయటికి వదిలేది ఉత్త టెక్స్టే, మెయిల్ లోపలే చూపించు" అని మట్‌కి చెప్పేది ఆ మాటే. చివరగా మట్‌ఆర్‌సీలో ఆటో_వ్యూ అని రాసి, దాని పక్కన అదే రకం పేరు పెట్టండి.

రెండు లైన్లు అని ఎందుకన్నానంటే, జీజిప్‌కి రెండు చీటీలు తిరుగుతున్నాయి. అప్లికేషన్ స్లాష్ జీజిప్ అనే పేరు అధికారికంగా నమోదైంది 2012లో. ప్రోగ్రామేమో 1992 నుంచీ ఉంది. మధ్యలో ఇరవై ఏళ్లు అందరూ జీజిప్ ముందు ఎక్స్, హైఫన్ తగిలించిన పేరే వాడారు, ఇప్పటికీ వాడేవాళ్లున్నారు. రెండు పేర్లకీ చెరొక లైను రాసుకోండి, ఆటో_వ్యూలో కూడా రెండూ పెట్టండి.

మూడో రకం మనుషులు కూడా ఉన్నారు. ఏ ఫైలునైనా ఆక్టెట్-స్ట్రీమ్ అని, అంటే "ఏవో బైట్లు" అని చీటీ వేసి పంపేవాళ్లు. మందుల సీసా మీద "మందు" అని రాసినట్టు. దానికి మట్‌లో మైమ్_లుకప్ ఉంది. ఈ చీటీ కనిపిస్తే ఫైలు పేరు చివరి తోక చూసి రకం నిర్ణయించుకోమని చెబుతుంది.

ఇంకో చిన్న మాట. మెయిల్‌క్యాప్ ఉదాహరణల్లో ఫైలు పేరు స్థానంలో శాతం గుర్తు పక్కన ఎస్ అక్షరం కనిపిస్తుంది. జీజిప్‌కి అది అవసరం లేదు. రాయకపోతే అటాచ్‌మెంట్ నేరుగా కమాండులోకి పైపు ద్వారా వెళ్తుంది, అదే మేలు. వేరే రకాలకి తప్పక వాడాల్సి వస్తే దాని చుట్టూ కోట్ గుర్తులు పెట్టొద్దు. ఆ జాగ్రత్త మట్ తనే తీసుకుంటుంది, మీరు పెడితే ఆ రక్షణ చెడుతుంది.

సరే, రెండూ అయ్యాయి. అయినా మీ లాగ్ ఫైల్లోని తెలుగు పేర్లు సరిగ్గా రాకపోవచ్చు. అసలు తిరకాసు ఇక్కడుంది. కంప్రెస్ చేసిన ఫైలుకి క్యారెక్టర్ సెట్ చీటీ ఉండదు. చార్‌సెట్ అనేది టెక్స్టుకి రాసేది. జీజిప్ అనే రకానికి ఆ గడే లేదు. మూట మీద "మూట" అని రాసి ఉంటుంది, లోపల ఉన్న కాగితం ఏ ఎన్‌కోడింగ్‌లో ఉందో ఎవరూ చెప్పరు. విప్పాక వచ్చే బైట్లను మట్ మీ టెర్మినల్ ఎన్‌కోడింగ్‌లోనే ఉన్నాయనుకుని అలాగే చూపిస్తుంది. పైన చెప్పిన ఎష్యూమ్డ్_చార్‌సెట్ ఇక్కడ పనికిరాదు. అందుకే ఎన్‌కోడింగ్ మార్పు ఆ మెయిల్‌క్యాప్ లైనులోనే జరిగిపోవాలి: విప్పు, పైపు పెట్టు, ఎన్‌కోడింగ్ మార్చే ఐకాన్వ్ అనే కమాండుతో యూటీఎఫ్-8లోకి మార్చు. ఫైలు ముందే యూటీఎఫ్-8లో ఉండి, టెర్మినల్ కూడా యూటీఎఫ్-8 అయితే ఐకాన్వ్ అక్కర్లేదు.

నేను లైనులో ఇవన్నీ ఇరికించను. చిన్న షెల్ స్క్రిప్టు రాసుకుని మెయిల్‌క్యాప్‌లో దాని పేరు పెట్టాను. అది ముందు విప్పుతుంది. మొదటి రెండు బైట్లు 255, 254 అయితే యూటీఎఫ్-16 అనే ఇంకో ఎన్‌కోడింగ్ అని లెక్కించి మారుస్తుంది. పాత నోట్‌ప్యాడ్‌లో "యూనికోడ్" అని ఎంచుకుని సేవ్ చేసినవన్నీ ఇలాగే వస్తాయి. అలా లేకపోతే యూటీఎఫ్-8 నుంచి యూటీఎఫ్-8కే ఐకాన్వ్ నడిపి చూస్తుంది. తప్పు రాకుండా దాటితే అది యూటీఎఫ్-8 అని దాదాపు ఖాయం, వేరే ఎన్‌కోడింగ్‌లో రాసిన పొడుగాటి టెక్స్టు పొరపాటున ఆ పరీక్ష నెగ్గడం చాలా అరుదు. అక్కడా ఓడిపోతే విండోస్-1252 (పాత విండోస్‌లో పశ్చిమ యూరప్ భాషల పట్టిక) అనుకుని చూపిస్తుంది. ఇదంతా ఇరవై లైన్ల లోపే.

ఆ స్క్రిప్టులోనే మొదటి రెండు వేల లైన్ల తర్వాత ఆపేయమని కూడా రాయండి. ఇది సలహా కాదు, బతిమాలడం. ఆటో_వ్యూ అంటే మెయిల్ తెరవగానే మిమ్మల్ని అడక్కుండా విప్పేస్తుంది. జిప్ బాంబులని ఉంటాయి. వాటిలో బాగా పేరున్నది 42 కిలోబైట్ల జిప్ ఫైలు. అందులో మూటలో మూట, దాన్లో మరో మూటగా అన్నీ విప్పుకుంటూ పోతే 4.5 పెటాబైట్లు అవుతుంది. జీజిప్‌లో ఒక్క పొర విప్పినా సైజు వెయ్యి రెట్ల దాకా పెరగొచ్చు. ఒకసారి ఓ క్లయింటు సర్వర్లో లూపులో పడిన ప్రోగ్రాం ఒకే ఎర్రర్ లైనును రాత్రంతా రాసింది. అటాచ్‌మెంట్ చూస్తే ఆరేడు మెగాబైట్లే. మెయిల్ తెరిచాను, నా లాప్‌టాప్ ఫ్యాను విమానంలా మోగింది, చివరికి డిస్కు నిండిపోయింది. దురుద్దేశం ఎవరిదీ కాదు, ఒకే లైను లక్షలసార్లు ఉంటే అంత బాగా కుదించుకుపోతుంది మరి.

ఇక తెలుగు విషయానికొద్దాం. తెలుగు తప్పుగా కనిపించే తీరును బట్టి జబ్బేమిటో చాలావరకు చెప్పేయొచ్చు. యూటీఎఫ్-8లో ప్రతి తెలుగు గుర్తుకీ మూడు బైట్లు. మొదటిది ఎప్పుడూ 224, రెండోది 176 గానీ 177 గానీ, మూడోది మారుతుంటుంది. దీన్ని విండోస్-1252 అనుకుని చదివితే 224 నెత్తిన గీత ఉన్న చిన్న ఇంగ్లీషు ఏ అవుతుంది, 176 డిగ్రీ గుర్తు, 177 ప్లస్-మైనస్ గుర్తు. కాబట్టి స్క్రీన్ నిండా "గీత ఏ, డిగ్రీ, గీత ఏ, ప్లస్-మైనస్" అని వరుసగా కనిపిస్తుంటే సంతోషించండి. మీ తెలుగు క్షేమంగానే ఉంది, చీటీయే తప్పు.

అలా కాకుండా వెనక్కి వాలిన గీతలు, వాటి పక్కన 340, 260, 261 లాంటి అంకెలు కనిపిస్తే ఫైలుదీ తప్పు కాదు, చీటీదీ కాదు. 224, 176, 177లే ఆక్టల్ లెక్కలో (ఎనిమిది అంకెలతోనే రాసే లెక్క) అవి. మీ టెర్మినల్ లొకేల్ (భాష, ఎన్‌కోడింగ్ చెప్పే సెట్టింగు) యూటీఎఫ్-8 కాదన్నమాట. ఎస్ఎస్‌హెచ్‌తో వేరే మెషీన్లోకి వెళ్లి మట్ నడిపేవాళ్లకి ఇది తరచూ ఎదురవుతుంది. లాంగ్ అనే వేరియబుల్‌లో యూటీఎఫ్-8 లొకేల్ ఉందో లేదో చూసుకోండి.

ఖాళీ డబ్బాలు కనిపిస్తే ఫాంటు లేదు. నోటో సాన్స్ తెలుగు గానీ పోతన గానీ వేసుకుంటే పోతుంది.

ప్రశ్న గుర్తులు వరసగా కనిపిస్తే మాత్రం ఫైలు సేవ్ చేసి బైట్లు చూడండి. నిజంగానే 63 అనే బైట్లు ఉంటే ఆ తెలుగు పోయింది, ఏ సెట్టింగూ వెనక్కి తేలేదు. పాత నోట్‌ప్యాడ్‌లో ఆన్సీ అనే పాత ఎన్‌కోడింగ్‌లో సేవ్ చేస్తే ఇలా జరిగేది. అది హెచ్చరిక చూపించేది గానీ, మనవాళ్లు హెచ్చరికలు చదవరు కదా. 2019లో వచ్చిన విండోస్ 10 వెర్షన్ 1903 నుంచి నోట్‌ప్యాడ్ మామూలుగానే యూటీఎఫ్-8లో సేవ్ చేస్తోంది కాబట్టి ఈ బెడద తగ్గింది. పంపినవాళ్లని మళ్లీ పంపమనడమే దారి.

వీటన్నిటి కన్నా మొండిది ఇంకోటి ఉంది. ఇంగ్లీషు అక్షరాలు, కామాలు, బ్రాకెట్లు, వింత గుర్తులు కలగలిసి, ఎక్కడా పై వరస కనిపించకపోతే, అది డీటీపీ ఫాంటుతో కొట్టిన మేటర్ కావచ్చు. అను ఫాంట్లతో కొట్టినది ఇలాగే ఉంటుంది. అందులో తెలుగు ఉండేది ఫాంటులో, ఫైల్లో కాదు. ఫైల్లో ఉన్నది మామూలు బైట్లే, వాటికి తెలుగు బొమ్మలు తొడిగారంతే. ఐకాన్వ్ దగ్గర దీనికి మందు లేదు, ఆ ఫాంటుకని రాసిన కన్వర్టరే వాడాలి. విజయవాడలో ప్రెస్సులతో పనిచేసే ఓ మిత్రుడి కోసం ఇలాంటి ఫైలు మీద రెండు గంటలు ఎన్‌కోడింగ్‌లు మార్చి మార్చి చూశాను. చివరికి ఆయనే "అదేంటండీ, అనులో కొట్టిందే కదా" అన్నాడు. ముందే అడిగుండాల్సింది. ప్రభుత్వ పాత ఫైళ్లయితే ఇస్కీ కూడా తగలొచ్చు. అది భారతీయ లిపుల ఎన్‌కోడింగ్ ప్రమాణం, 1991 నాటిది. దాన్ని ఐకాన్వ్ మార్చదు, ఐసీయూ అనే యూనికోడ్ లైబ్రరీతో వచ్చే యూకాన్వ్ మారుస్తుంది.

లాగ్ ఫైళ్లలో ప్రత్యేకంగా ఒకటి చూసుకోండి, మీకు నిజంగా పనికొచ్చేది ఇదే కావచ్చు. కొన్నిసార్లు మట్ అంతా సరిగ్గా చేసినా గీత ఏ, డిగ్రీల వరసే వస్తుంది. అప్పుడు తప్పు సర్వర్ వైపే జరిగింది. యూటీఎఫ్-8 తెలుగును ఏదో స్క్రిప్టు లాటిన్-1 అనుకుని చదివి, మళ్లీ యూటీఎఫ్-8గా రాసింది. రెండుసార్లు వండిన అన్నం. "తెలుగు" అనే మాటకి ఆరు గుర్తులు, 18 బైట్లు ఉండాలి. ఇలా జరిగితే 36 అవుతాయి. విరుగుడు తేలికే: ఐకాన్వ్‌తో ఒక్కసారి యూటీఎఫ్-8 నుంచి లాటిన్-1కి మార్చండి, వచ్చిన బైట్లే అసలైన యూటీఎఫ్-8.

మధ్యలో లాటిన్-1 బదులు విండోస్-1252 ఉంటే మాత్రం మనకి దెబ్బ తగులుతుంది. ఆ పట్టికలో ఐదు గడులు ఖాళీ: 129, 141, 143, 144, 157. తెలుగులో ఉకారం కొమ్ము మూడో బైటు 129. పొల్లు మూడో బైటు 141. పొల్లు లేకపోతే ఒత్తులే లేవు. ఏ, ఐ, ఝ అక్షరాలు కూడా మిగిలిన మూడు గడుల్లో పడతాయి. కొన్ని ప్రోగ్రాములు ఖాళీ గడి ఎదురైతే దాన్ని అలాగే దాటిస్తాయి, కొన్ని ప్రశ్న గుర్తు పెట్టేస్తాయి. రెండో రకం తగిలితే కొమ్ములూ ఒత్తులూ శాశ్వతంగా పోతాయి. తెలుగు అనే మాటలోనే రెండు కొమ్ములున్నాయి చూడండి. తిరిగి మార్చినప్పుడు అక్షరాలన్నీ వచ్చి ఒత్తులూ కొమ్ములూ మాత్రం విరిగి ఉంటే కారణం ఇదే. మీ మెషీన్లో ఎంత వెతికినా దొరకదు, సర్వర్ స్క్రిప్టునే సరిచేయాలి.

ఒత్తులు విడిపోయి పక్కన కనిపిస్తే వెంటనే ఎన్‌కోడింగ్‌ని అనుమానించకండి. టెర్మినల్ గడుల లెక్కతో నడుస్తుంది, ఒక్కో అక్షరానికి ఒక్కో గడి. తెలుగు అలా ఒదగదు. చాలా టెర్మినళ్లు క్షకారాన్నీ, స్త్రీ లాంటి మాటల్నీ సరిగ్గా కూర్చలేవు. పొడుగాటి తెలుగు ఫైళ్లు చదవాలంటే నేను టెర్మినల్ వదిలేసి ఈమాక్స్ ఎడిటర్లో గ్నస్ అనే మెయిల్ ప్రోగ్రాం తెరుస్తాను. 2020లో వచ్చిన ఈమాక్స్ 27 నుంచి అక్షరాలు కూర్చే హార్ఫ్‌బజ్ లైబ్రరీ వాడుతోంది కాబట్టి దాని కిటికీలో తెలుగు చక్కగా వస్తుంది. అక్కడ అటాచ్‌మెంట్ బటన్ మీద ఉండి పెద్ద సీ నొక్కితే చార్‌సెట్ అడుగుతుంది, చిన్న టీ నొక్కితే రకం అడుగుతుంది. మీరు మట్ వదలాలని కాదు, పక్కన ఒకటి ఉంచుకోండి.

జిప్ ఫైళ్లు కూడా వస్తాయని చివర్లో ఒక మాట అన్నారు. వాటిని ఆటో_వ్యూలో విప్పకండి, జాబితా మాత్రం చూపించేలా అన్‌జిప్‌కి ఎల్ ఆప్షన్ ఇచ్చి మెయిల్‌క్యాప్‌లో రాయండి. జీజిప్‌లో ఒక్క ఫైలే, జిప్‌లో వంద ఉండొచ్చు, డాట్ టార్ డాట్ జీజెడ్ (చాలా ఫైళ్లను ఒక మూటగా కట్టి జీజిప్ చేసినది) అయినా అంతే. జాబితాలో తెలుగు ఫైళ్ల పేర్లు చెడిపోయి కనిపిస్తే కంగారు పడకండి. జిప్‌లో పేర్లు మొదట్లో ఐబీఎం పీసీల నాటి 437 కోడ్‌పేజీలో ఉండేవి, "ఈ పేరు యూటీఎఫ్-8" అని చెప్పే జెండా 2006లో గానీ రాలేదు. జెండా పెట్టని ప్రోగ్రాములు ఇంకా ఉన్నాయి. పేరు చెడినా లోపలి ఫైలుకి ఏమీ కాదు.

సర్వర్ స్క్రిప్టు మీ చేతిలో ఉంటే ఇంకో మార్గం కూడా ఆలోచించండి. లాగ్ వంద కిలోబైట్ల లోపే అయితే జీజిప్ ఎందుకు? టెక్స్టుగానే, యూటీఎఫ్-8 అని చీటీ రాసి పంపితే పైన చెప్పిన విప్పుడు గొడవంతా ఉండదు. పెద్దదైతే కంప్రెస్ చేయాల్సిందే. అటాచ్‌మెంట్లు బేస్-64లో వెళ్తాయి కాబట్టి సైజు మూడో వంతు పెరుగుతుంది, జీమెయిల్ లాంటి చోట 25 మెగాబైట్ల హద్దు ఉంది.

ముందు ఎష్యూమ్డ్_చార్‌సెట్ ఒక్కటి పెట్టి తెలుగు ఫైళ్లు చూడండి. అవి బాగుపడ్డాకే మెయిల్‌క్యాప్ ముట్టుకోండి. లాగ్ ఫైలు అప్పటికీ సరిగ్గా రాకపోతే ఆ అటాచ్‌మెంట్ హెడర్ లైనూ, స్క్రీన్ మీద కనిపించే పిచ్చి గుర్తుల్లో ఒక ఐదారూ ఇక్కడ పెట్టండి, చూసి చెబుతాను.